యూటా ప్రయోగశాల: గీసిన ఉపరితలం, కోసిన ఉపరితలం

సభాధ్యక్షులకు, మెకానికల్, కంప్యూటర్ సైన్స్ విభాగాల ఆచార్యులకు, విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం.

ఈ రెండు విభాగాలవారు ఒకే సభలో పక్కపక్కన కూర్చోవడం మన కళాశాలల్లో అరుదుగా జరిగే పని. ఈ సందర్భానికి తగిన విషయం ఏదా అని ఆలోచించి, అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో, కంప్యూటర్ సైన్స్ విభాగంలోనే పుట్టి పెరిగిన ఒక పరిశోధక బృందం గురించి మాట్లాడాలని నిశ్చయించుకున్నాను. సాల్ట్ లేక్ సిటీలోని ఆ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ రీసెన్‌ఫెల్డ్, ఎలేన్ కోహెన్ అనే ఇద్దరు ఆచార్యులు దశాబ్దాలపాటు జ్యామితీయ రూపకల్పన మీద ఒక బృందాన్ని నడిపారు. ఆ బృందం 1980ల నుంచి నిర్మిస్తూ వచ్చిన సాఫ్ట్‌వేర్ పేరు ఆల్ఫా వన్. దానికి తోడుగా శామ్యూల్ డ్రేక్ చూసుకునే ఒక ఉత్పాదక ప్రయోగశాల, అంటే నిజంగా లోహాన్ని కోసే యంత్రాలున్న చోటు, అక్కడ ఉండేది. కంప్యూటర్ సైన్స్ విభాగానికి మిల్లింగ్ యంత్రంతో ఏం పని అని ఎవరైనా అడగవచ్చు. నేను చెప్పదలచినది ఆ ప్రశ్నకు జవాబే: ఆ బృందం చేసిన పరిశోధనలో విలువైన ప్రశ్నలు చాలావరకు యంత్రం దగ్గర తలెత్తినవి, తెర ముందు మాత్రమే కూర్చున్నవారికి అవి తట్టేవి కావు.

ముందుగా ఆ విశ్వవిద్యాలయం నేపథ్యం క్లుప్తంగా చెబుతాను. 1960ల నడిమి కాలంలో డేవిడ్ ఇవాన్స్ అక్కడ కంప్యూటర్ విభాగాన్ని నెలకొల్పారు. 1968లో ఐవాన్ సదర్లాండ్ వచ్చి చేరారు. అమెరికా రక్షణ శాఖకు చెందిన ఆర్పా సంస్థ ఇచ్చిన నిధులతో, తెర మీద త్రిమితీయ వస్తువులను చూపించే విద్యకు ఆ ఊరు కొన్నేళ్లపాటు రాజధానిగా వెలిగింది. 1969 చివర్లో, నేటి ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన ఆర్పానెట్ నాలుగు కేంద్రాలతో మొదలైనప్పుడు వాటిలో నాలుగోది యూటాయే. ఉపరితలం మీద వెలుగు నీడలను నునుపుగా చూపించే పద్ధతిని గురో 1971లోనూ, మెరుపును చూపించే పద్ధతిని ఫాంగ్ 1973లోనూ అక్కడి సిద్ధాంత వ్యాసాల్లోనే ప్రతిపాదించారు. 1974లో వక్ర ఉపరితలాల ప్రదర్శన మీద సిద్ధాంత వ్యాసం సమర్పించిన ఎడ్ కాట్మల్ తరువాతి కాలంలో పిక్సార్ స్థాపకులలో ఒకరయ్యారు. 1972లో సదర్లాండ్ విద్యార్థులు ఆయన భార్య కారైన ఫోక్స్‌వాగన్ బీటిల్ మీద నేరుగా గీతలు గీసి, కొలబద్దలతో ఒక్కొక్క బిందువునూ కొలిచి, కారు ఆకారాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించారు. ఇదంతా చిత్రం కోసం చేసిన పని. చిత్రానికి కావలసినదానికీ వస్తువుకు కావలసినదానికీ మధ్య ఎంత దూరం ఉందో చూపించే సాక్ష్యం కూడా అదే ఊళ్లో తయారైంది. అదే యూటా టీ కూజా.

కంప్యూటర్ గ్రాఫిక్స్ చదివిన ప్రతివారూ ఆ కూజాను చూసే ఉంటారు. మార్టిన్ న్యూవెల్ అనే పరిశోధకుడు 1975లో, భార్య సలహా మీద, తమ ఇంట్లో వాడుతున్న మెలిట్టా కంపెనీ టీ కూజాను గ్రాఫ్ కాగితం మీద గీసుకుని, ఒక్కొక్కటి 16 నియంత్రణ బిందువులు (వంపును తమవైపు లాగుతూ దాని ఆకారాన్ని నిర్ణయించే బిందువులు) గల ఉపరితల ఖండాలుగా విడగొట్టి కంప్యూటర్‌కు అందించాడు. అసలు కూజా ఇప్పుడు కాలిఫోర్నియాలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియంలో ఉంది; అది తెర మీది కూజా కన్నా పొడుగు, ఎందుకంటే యూటాలోనే మరో పరిశోధకుడైన జిమ్ బ్లిన్ ప్రదర్శన కోసం అంకెలను నిలువునా కుదించాడు, ఆ కుదింపే లోకంలో స్థిరపడిపోయింది.

ఇప్పుడు ఆ అంకెలను పట్టుకుని ఒక టూల్ రూమ్ ఫోర్‌మన్ దగ్గరకు వెళ్లి, దీన్ని అల్యూమినియంలో చేసి పెట్టండి అని అడిగామనుకోండి. మొదట ఆయన అడిగేది గోడ మందం ఎంత అని. మందం లేదు, ఆ కూజా గోడ సున్నా మందం గల ఉపరితలం. తరువాత ఆయన దాన్ని తిరగేసి చూస్తాడు. న్యూవెల్ ఇచ్చిన మొదటి 28 ఖండాలలో అడుగు భాగం లేదు. మరో 4 ఖండాలతో దాన్ని వెనకాల ఎవరో కలిపారు. ముక్కు కూజా గోడలోకి చొచ్చుకుపోయి ఉంటుంది కానీ, గోడకు ఆ చోట రంధ్రం ఉండదు, కాబట్టి కూజాలో ఏం పోసినా ముక్కులోంచి బయటికి రాదు. పిడి కొసలు కూడా గోడను దాటి లోపలికి వెళ్లి అక్కడ ఆగిపోతాయి, మూలను గుండ్రం చేసే ఏ ఫిల్లెట్టూ లేదు, ఏ అతుకూ లేదు. కెమెరా బయట ఉన్నంతకాలం ఈ లోపాలేవీ కంటికి కనబడవు, అందుచేత చిత్రకారుడికి అవి లోపాలే కావు. కోసేవాడికి మాత్రం ప్రతి బిందువు దగ్గరా ఒక ప్రశ్నకు జవాబు కావాలి: పదార్థం ఎటువైపు ఉంది, గాలి ఎటువైపు ఉంది? ఆ జవాబు ఇవ్వలేని ఆకృతిని, అది ఎంత అందంగా మెరిసినా, తయారు చేయడం సాధ్యం కాదు.

రీసెన్‌ఫెల్డ్ యూటాకు వచ్చింది మరో దారిన. ఆయన చదివింది న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్ విశ్వవిద్యాలయంలో. అంతకుముందు ఎంఐటీలో ఉండి 1967లో ఉపరితల ఖండాల మీద సుప్రసిద్ధమైన నివేదిక రాసిన స్టీవెన్ కూన్స్ అప్పటికి సిరక్యూస్‌కు వచ్చి ఉన్నారు. దాదాపు ఆ కాలంలోనే ఫ్రాన్స్‌లో సిట్రోయెన్ కంపెనీలో పాల్ ద కాస్టెల్జో, రెనో కంపెనీలో పియర్ బెజియే, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే, కారు బాడీ వంపులను బహుపదులతో రాసే పద్ధతిని కనిపెట్టారు. కాస్టెల్జో 1959 నాటికే చేసిన పనిని కంపెనీ గోప్యంగా ఉంచడం వల్ల లోకంలో పేరు బెజియేకు దక్కింది. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. బెజియే గణిత విభాగంలో కూర్చున్న మనిషి కారు, 1930ల నుంచి రెనోలో యంత్ర పరికరాల రూపకల్పన చేస్తూ వచ్చిన ఇంజినీరు. ఆయన నిర్మించిన యూనిసర్ఫ్ వ్యవస్థ ఉద్దేశం తెర మీద బొమ్మ చూపడం కాదు, గీత గీసే యంత్రాన్నీ నమూనాలు కోసే మిల్లింగ్ యంత్రాన్నీ నడపడం. ఈ వక్రరేఖ మొదటినుంచీ కార్ఖానా బిడ్డే, చిత్రకారులు దాన్ని ఆ తరువాత దత్తత తీసుకున్నారు.

బెజియే వక్రరేఖలో ఒక చిక్కు ఉంది. నియంత్రణ బిందువులు పెరిగేకొద్దీ బహుపది ఘాతం పెరుగుతుంది, ఏ ఒక్క బిందువును కదిపినా రేఖ మొత్తం కదులుతుంది. తక్కువ ఘాతపు బహుపది ఖండాలను నునుపుగా అతికిన వక్రరేఖ అయిన బీ-స్ప్లైన్ ఈ చిక్కును విప్పుతుంది. స్ప్లైన్ల గణితానికి 1946లో షోన్‌బర్గ్ పునాది వేశారు. వాటిని కంప్యూటర్‌లో నమ్మకంగా లెక్కించే పునరావృత సూత్రాన్ని 1972లో ద బోర్, కాక్స్ విడివిడిగా ఇచ్చారు. ఆ గణితాన్ని రూపకల్పన పనిముట్టుగా మలచినది 1973లో రీసెన్‌ఫెల్డ్ సమర్పించిన సిద్ధాంత వ్యాసం. తృతీయ ఘాత బీ-స్ప్లైన్‌లో ఒక నియంత్రణ బిందువును కదిపితే పక్కపక్కనున్న నాలుగు ఖండాలకు మించి రేఖ కదలదు, పైగా ఖండాలు కలిసే చోట వక్రత కూడా తెగకుండా సాగుతుంది. కారు బానెట్ మీద ట్యూబ్‌లైట్ ప్రతిబింబం విరగకుండా కనిపించడానికి కారణం ఈ చివరి గుణమే. రెండేళ్ల తరువాత, 1975లో, అదే సిరక్యూస్‌లో వెర్స్‌ప్రిల్ దీని భిన్న రూపాన్ని అధ్యయనం చేశారు. నేడు మీ కాడ్, అంటే కంప్యూటర్‌లో డిజైన్ చేసే, సాఫ్ట్‌వేర్‌లో నర్బ్స్ అని కనిపించేది అదే.

1974 మార్చిలో యూటాలో రాబర్ట్ బార్న్‌హిల్, రీసెన్‌ఫెల్డ్ కలిసి ఒక సదస్సు నిర్వహించారు. కంప్యూటర్ సాయంతో జ్యామితీయ రూపకల్పన అన్న పేరుతో ఈ శాస్త్రానికి స్వతంత్రమైన ఉనికి ఏర్పడింది అక్కడే అని చెప్పుకుంటారు. ఆ కాలంలోనే జార్జ్ చైకిన్ ఒక చిన్న పద్ధతిని ప్రతిపాదించాడు. ఒక బహుభుజి గీయండి, ప్రతి భుజం మీదా పావు వంతు దగ్గరా ముప్పావు వంతు దగ్గరా గుర్తు పెట్టండి, ఆ గుర్తుల మధ్య మూలలను కోసేయండి, మిగిలిన ఆకారానికి మళ్లీ అదే చేయండి. వడ్రంగి నలుచదరపు దుంగను గుండ్రటి స్తంభంగా చెక్కేటప్పుడు ముందు నాలుగు మూలలు, తరువాత ఎనిమిది మూలలు తీసినట్టే ఉంటుంది ఈ పని. ఇలా అనంతంగా కోసుకుంటూ పోతే మిగిలేది ద్వితీయ ఘాత బీ-స్ప్లైనేనని రీసెన్‌ఫెల్డ్ 1975లో చూపించారు. కోహెన్, రీసెన్‌ఫెల్డ్, నార్వేలోని ఓస్లో విశ్వవిద్యాలయానికి చెందిన టామ్ లిహె కలిసి 1980లో ప్రచురించిన పద్ధతి దీనికి పెద్ద విస్తరణ. ఆ ఊరి పేరు మీదనే దానికి ఓస్లో అల్గారిథం అని పేరు వచ్చింది. ఆకృతి వెంట్రుకవాసి కూడా మారకుండా నియంత్రణ బిందువుల సంఖ్యను కావలసిన చోట కావలసినంత పెంచుకునే వీలు దానితో కలిగింది. బిందువులు పెరిగేకొద్దీ నియంత్రణ జాలం ఉపరితలానికి దగ్గరవుతుంది, ఉపరితలం ఆ బిందువుల కుంభాకార ఆవరణం, అంటే వాటన్నిటినీ బిగువుగా చుట్టిన తొడుగు, దాటి బయటికి పోదు. ఈ రెండు ధర్మాలూ గుర్తుంచుకోండి, యంత్రం దగ్గర ఇవే పనికొస్తాయి.

ఆల్ఫా వన్ నిర్మాణానికి ఇదే పునాది. గుండ్రటి రంధ్రం గాని, చదునైన తలం గాని, కారు బానెట్ లాంటి స్వేచ్ఛా ఉపరితలం గాని, అన్నిటినీ బీ-స్ప్లైన్ అనే ఒకే భాషలో రాయాలని, రాసిన ఆ నమూనా నుంచే చిత్రమూ విశ్లేషణా యంత్రానికి ఆదేశాలూ వెలువడాలని ఆ బృందం పట్టుబట్టింది. వినడానికి ఇది సహజంగానే తోస్తుంది. కానీ ఆ రోజుల్లో ఘన నమూనాల వ్యవస్థలు స్తూపాలు, గోళాలు, దిమ్మెలు దాటి వెళ్లడానికి జంకేవి, స్వేచ్ఛా ఉపరితలాల వ్యవస్థలకు లోపలా బయటా అన్న తేడాయే తెలియదు. రెంటినీ కలపాలంటే రెండు వక్ర ఉపరితలాలు ఖండించుకునే రేఖను కనుక్కోవాలి. అది ఎంత కష్టమో ఒక అంకె చెబుతుంది: టీ కూజాలో వాడిన తరహా ఖండాలు రెండు ఖండించుకుంటే, ఆ ఖండనరేఖ బీజగణిత ఘాతం సాధారణంగా 324. ఒక్కొక్క ఉపరితలం ఘాతం 18, పద్దెనిమిది పద్దెనిమిదులు 324. ఆ రేఖను కచ్చితమైన సూత్రంగా రాసి వాడుకోవడం అసాధ్యం, దాన్ని ఉజ్జాయింపుగానే పట్టుకోవాలి. ఆవరణాలు తగలని ఖండాలను వదిలేస్తూ, తగిలినవాటిని మళ్లీ మళ్లీ విభజిస్తూ, అనుమతించిన దోషంలోకి వచ్చేదాకా సాగే పద్ధతిని ఆల్ఫా వన్ అనుసరించింది. అయినా ఉజ్జాయింపు ఉజ్జాయింపే. కాడ్ ఫైలును ఒక సాఫ్ట్‌వేర్ నుంచి మరో దాంట్లోకి తెచ్చినప్పుడు అంచుల దగ్గర సన్నటి పగుళ్లు కనిపించి మీరు తల పట్టుకునే సందర్భాలకు మూలం ఇక్కడే ఉంది. దక్షిణాన పక్క ఊరు ప్రోవోలో, బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయంలో టామ్ సెడర్‌బర్గ్ ఈ పగుళ్ల మీద ఎంతోకాలం పని చేసి 2003లో టీ-స్ప్లైన్లను ప్రతిపాదించారు. అది వేరే ప్రసంగానికి సరిపడే కథ.

ఇక యంత్రం దగ్గరకు వద్దాం. నేను ఎక్కువసేపు ఆగదలచినది ఇక్కడే.

వక్ర ఉపరితలాన్ని మూడు అక్షాల మిల్లింగ్ యంత్రం మీద కోయడానికి సాధారణంగా బాల్ నోస్ కట్టర్ వాడతాం, దాని కొస అర్ధగోళం. అది ఒక గాడి కోసుకుంటూ వెళ్లి, కొంచెం పక్కకు జరిగి, ఇంకో గాడి కోస్తుంది. రెండు గాళ్ల మధ్య సన్నటి గట్టు మిగిలిపోతుంది. ఆ గట్టు ఎత్తు ఎంత అనేది పదో తరగతి జ్యామితి. పక్కకు జరిగిన దూరాన్ని వర్గం చేసి, కట్టర్ వ్యాసార్ధానికి ఎనిమిది రెట్లతో భాగిస్తే దాదాపు సరైన జవాబు వస్తుంది. 10 మిల్లీమీటర్ల వ్యాసం గల కట్టర్‌ను 1 మిల్లీమీటరు చొప్పున జరిపితే, చదునైన చోట గట్టు ఎత్తు 25 మైక్రాన్లు. అదే అర మిల్లీమీటరు చొప్పున జరిపితే 6 మైక్రాన్ల పైచిలుకు. గట్టు నాలుగో వంతుకు పడిపోయింది, యంత్రం నడిచే సమయం మాత్రం రెట్టింపైంది. 200 మిల్లీమీటర్ల వెడల్పున్న డై, అంటే లోహపు అచ్చు, మీద 200 గాళ్లకు బదులు 400 గాళ్లు కోయాలి. యంత్రం మీద ఆదా చేసిన గంటలను పాలిష్ పట్టే మనిషి చేతుల మీద ఖర్చు పెడతారా, లేక ఆయన పనిని యంత్రం మీద వేస్తారా అన్నది ప్రతి డై షాపులోనూ రోజూ జరిగే బేరం.

చదునైన చోట లెక్క ఇంత సులువు. వక్ర ఉపరితలం మీద పరామితి రేఖల (గ్లోబు మీది అక్షాంశ రేఖాంశాల్లా ఉపరితలం మీద పరుచుకున్న గీతల) వెంట కట్టర్‌ను నడిపిస్తే ఆ రేఖల మధ్య దూరం అన్నిచోట్లా ఒక్కటిగా ఉండదు. టీ కూజా మూత తీసుకోండి: అంచు దగ్గర రేఖలు దూరం దూరంగా ఉంటాయి, మూత నడినెత్తిన అన్నీ వచ్చి ఒకే బిందువులో కలుస్తాయి. అంచు దగ్గర గట్లు సరిగా ఉండేలా రేఖల సంఖ్యను పెంచితే, నడినెత్తిన కట్టర్ అప్పటికే కోసిన చోటనే మళ్లీ మళ్లీ గీరుతుంది, కాలం వృథా, కట్టర్ అరుగుదల. తెర మీద ఆ రేఖలను చూసేవారికి అది చక్కని సాలెగూడులా కనిపిస్తుంది, అందులో తప్పేమీ తోచదు. కోహెన్ దగ్గర పరిశోధన చేసి 1992లో పట్టా పొంది, తరువాత ఇజ్రాయెల్‌లోని టెక్నియాన్‌లో ఆచార్యుడైన గెర్షోన్ ఎల్బర్ దీనికి విరుగుడు చూపించాడు: ముందు కొద్ది రేఖలతో మొదలుపెట్టి, పక్కపక్క రేఖల మధ్య దూరం అనుమతించిన హద్దు దాటిన చోట మాత్రమే మరో తునక రేఖను చేర్చడం. ఎడం ఉన్న చోట రేఖ పుడుతుంది, ఇరుకైన చోట ఆగిపోతుంది.

కట్టర్ కొస ఉపరితలాన్ని తాకాలంటే దాని గోళకేంద్రం ఉపరితలానికి లంబంగా వ్యాసార్ధమంత దూరంలో నడవాలి. ఆ కేంద్రం నడిచే ఉపరితలాన్ని ఆఫ్‌సెట్ అంటాం. మూల ఉపరితలం బీ-స్ప్లైన్ అయినంత మాత్రాన ఆఫ్‌సెట్ కూడా బీ-స్ప్లైన్ కాదు. లంబాన్ని ఏకాంక పొడవుకు తేవడానికి దాని పొడవుతో భాగించాలి, ఆ పొడవులో వర్గమూలం ఉంది, వర్గమూలం రాగానే బహుపది చేయి జారిపోతుంది. కాబట్టి ఇదీ ఉజ్జాయింపే. అయితే ఎంత దోషంతో? ఇక్కడే ఆ బృందం తెలివి కనబడుతుంది. రెండు బీ-స్ప్లైన్లను కలిపినా, తీసివేసినా, గుణించినా వచ్చేది బీ-స్ప్లైనే. అందుచేత ఉజ్జాయింపు ఆఫ్‌సెట్‌కూ అసలు ఉపరితలానికీ మధ్య దూరపు వర్గాన్ని కూడా ఒక బీ-స్ప్లైన్‌గా రాసి, ఇందాక గుర్తుంచుకోమన్న ఆవరణ ధర్మం ప్రకారం దాని గుణకాలలో గరిష్ఠాన్నీ కనిష్ఠాన్నీ చూస్తే, దోషం ఇంతకు మించదు అని హామీ ఇవ్వగలం. హద్దు దాటిన చోట ఓస్లో పద్ధతితో బిందువులను పెంచి మళ్లీ లెక్కిస్తే సరిపోతుంది. నూరు చోట్ల కొలిచి చూశాం, బాగానే ఉంది అనడానికీ, ఎక్కడా ఇంతకు మించదు అనడానికీ చాలా తేడా ఉంది. మొదటి మాటతో లక్షల విలువ చేసే ఉక్కు దిమ్మెను యంత్రం మీదకు ఎక్కించడానికి అనుభవజ్ఞుడైన ఆపరేటర్ జంకుతాడు.

గుంటల దగ్గర ఇంకో ప్రమాదం పొంచి ఉంటుంది. లోపలికి వంగిన చోట ఉపరితలం వక్రతా వ్యాసార్ధం 4 మిల్లీమీటర్లు అయి, కట్టర్ వ్యాసార్ధం 5 మిల్లీమీటర్లు అయితే, కట్టర్ ఆ గుంటలో పట్టదు. బలవంతంగా పంపితే పక్క గోడను తినేస్తుంది. అప్పుడు ఆఫ్‌సెట్ ఉపరితలం తనను తాను ఖండించుకుని మడత పడుతుంది, ఆ మడతలను వెతికి కత్తిరించాలి. వక్రతను కూడా బీ-స్ప్లైన్ల భిన్నంగా రాయగలిగితే, ఏ కట్టర్ ఏ ప్రాంతంలో పట్టదో కోతకు ముందే గీత గీసి చెప్పవచ్చు. పెద్ద కట్టర్‌తో కోయదగిన ప్రాంతమంతా ముందు పూర్తి చేసి, మిగిలిన చిన్న గుంటలకు చిన్న కట్టర్ ఎక్కించడం మన షాపుల్లో అనుభవం మీద చేసే పనే. దానికి లెక్క కట్టారు వీరు.

ఇన్ని చేసినా చివరకు యంత్రానికి అందేది చాలావరకు చిన్న చిన్న సరళరేఖలు. 50 మిల్లీమీటర్ల వ్యాసార్ధం గల వంపును 10 మైక్రాన్ల దోషంతో నడవాలంటే ఒక్కొక్క రేఖ పొడవు 2 మిల్లీమీటర్లు దాటకూడదు. నునుపైన బీ-స్ప్లైన్ ఇలా వేల ముక్కలై, జీ-కోడ్ అనే కదలికల ఆదేశాల రూపంలో యంత్రం కంట్రోలర్‌కు చేరుతుంది. ఉపరితల గణితంలో ఇంత సౌష్ఠవం సాధించి, గుమ్మం దగ్గర దాన్ని ముక్కలు చేయడం ఎవరికైనా కష్టంగానే తోస్తుంది, కానీ ఆ గుమ్మం దాకా వచ్చి చూసినవారికే ఆ కష్టం తెలుస్తుంది.

వక్ర ఉపరితలాలే సర్వస్వం అనుకోవడం కూడా పొరపాటు. యంత్ర భాగాలలో అధికం రంధ్రాలు, గాళ్లు, పాకెట్లు, చదునైన ముఖాలు. వీటిని ఉపరితలాలుగా కాక ఫీచర్లుగా, అంటే ఏ క్రమంలో ఏ కట్టర్‌తో కోయాలో తమలోనే ఇముడ్చుకున్న యూనిట్లుగా నమూనాలో రాయడం మీద కూడా ఆ బృందం పని చేసింది. రంధ్రం అనగానే సెంటర్ డ్రిల్, డ్రిల్, అవసరమైతే రంధ్రాన్ని కచ్చితమైన కొలతకు తెచ్చే రీమర్ అన్న క్రమం దానితోపాటే వస్తుంది. ఆ ఆలోచనతోనే బృందం నుంచి వెలుపలికి వచ్చిన వారి కంపెనీ సాల్ట్ లేక్ సిటీలోనే ఫీచర్‌క్యామ్ అనే సాఫ్ట్‌వేర్‌ను తయారు చేసింది. ఆ కంపెనీ బ్రిటన్‌కు చెందిన డెల్‌క్యామ్ చేతికి, డెల్‌క్యామ్ 2014లో ఆటోడెస్క్ చేతికి వెళ్లాయి. మన దగ్గర సీఎన్‌సీ, అంటే కంప్యూటర్ ఆదేశాలతో నడిచే యంత్రాలున్న, షాపుల్లో ఆ పేరు విన్నవారు ఈ సభలోనే ఉండవచ్చు.

ఇదే ఆలోచనను తలకిందులు చేస్తే రెఫాబ్ అనే యూటా ప్రాజెక్టు అవుతుంది. దాని ఫలితాలు 1999లో వెలువడ్డాయి. డ్రాయింగు లేని పాత భాగం ఒకటి చేతిలో ఉంది, దాన్ని మళ్లీ తయారు చేయాలి. మామూలుగా స్కానర్‌తో లక్షల బిందువులు సేకరించి వాటి మీద ఏదో ఉపరితలాన్ని పరుస్తారు. అరిగిన రంధ్రం అరిగినట్టే, కొట్టుకుపోయిన అంచు కొట్టుకుపోయినట్టే నమూనాలోకి వచ్చేస్తాయి. రెఫాబ్‌లో మనిషి తెర మీద ఇది రంధ్రం, ఇది పాకెట్ అని చూపిస్తాడు, యంత్రం ఆ బిందువులకు సరిపోయే రంధ్రం వ్యాసాన్నీ లోతునూ లెక్కిస్తుంది. ఆ భాగాన్ని మొదట తయారు చేసినవాడు డ్రిల్‌తోనే చేసి ఉంటాడు కదా అన్న ఇంగితం ఆ పద్ధతికి ప్రాణం. నిలిచిపోయిన పాత పంపుకు, స్పేర్ దొరకని పాత యంత్రానికి భాగాలు చేయించుకునే మన ఊళ్ల వర్క్‌షాపులకు ఇంతకన్నా ఉపయోగపడే పరిశోధన ఏముంటుంది అని నాకు తరచూ అనిపిస్తుంది.

1991లో అమెరికా జాతీయ సైన్స్ ఫౌండేషన్ కంప్యూటర్ గ్రాఫిక్స్‌కు ఒక సైన్స్, టెక్నాలజీ కేంద్రాన్ని మంజూరు చేసి, బ్రౌన్, కాల్‌టెక్, కార్నెల్, ఉత్తర కరొలైనా, యూటా విశ్వవిద్యాలయాలను అందులో చేర్చింది. ఉత్తర కరొలైనావారికి తలకు ధరించే దృశ్య పరికరం కావలసి వచ్చింది: కెమెరాలు, లెన్సులు, చిన్న తెరలు కంటికి సరిగ్గా అమరాలి, బరువు ముక్కు మీద పడకూడదు. దృశ్య శాస్త్రం వారిది, దాన్ని పట్టి ఉంచే చట్రాన్ని డిజైన్ చేసి తయారు చేసినది యూటా. మిగిలిన నాలుగింటికీ గ్రాఫిక్స్ తెలుసు. వస్తువును చేతిలో పెట్టగలిగింది మాత్రం యంత్రాలున్న ప్రయోగశాలే.

తరువాతి తరం పరిశోధనలో కూడా ఆ పట్టుదల ఛాయలు కనిపిస్తాయి. బలాలను విశ్లేషించే ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతిలో నునుపైన ఉపరితలాన్ని మళ్లీ చిన్న చిన్న మెష్ ముక్కలుగా చేయడం రివాజు. 2005లో టామ్ హ్యూస్, ఆయన సహచరులు స్ప్లైన్ మీదనే నేరుగా విశ్లేషణ జరిపే పద్ధతిని ప్రతిపాదించారు. అలాంటి విశ్లేషణకు తగిన నమూనాను మొదటే ఎలా కట్టాలి అన్న ప్రశ్న మీద కోహెన్ బృందం పని చేసింది. ఒకే నమూనా నుంచి అన్నీ వెలువడాలన్న ఆల్ఫా వన్ సంకల్పానికి ఇది పొడిగింపు.

ఇప్పుడు మన సంగతి. హైదరాబాదు బాలానగర్‌లో 1968 నుంచి సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది, దాని చుట్టూ డైలు, అచ్చులు చేసే చిన్న షాపులెన్నో ఉన్నాయి. అదే నగరంలో మరో కొసన కాడ్ సాఫ్ట్‌వేర్ మీద పని చేసే యువ ఇంజినీర్లూ ఉన్నారు. ఈ ఇద్దరికీ పరిచయం తక్కువ. కళాశాలల్లోనూ అంతే: కాడ్ ల్యాబ్ పై అంతస్తులో ఏసీ గదిలో ఉంటుంది, వర్క్‌షాప్ వెనకాల రేకుల షెడ్డులో ఉంటుంది, మొదటిది మూడో సంవత్సరంలో, రెండోది మొదటి సంవత్సరంలో. ఫిట్టింగ్ చేసిన విద్యార్థికి అప్పటికి ఉపరితలం తెలియదు, ఉపరితలం నేర్చిన విద్యార్థి అప్పటికి ఫైలు పట్టడం మరిచిపోయి ఉంటాడు. యూటాకు ఉన్నంత నిధులు మనకు లేవన్నది నిజమే, కానీ ఈ ఎడబాటుకు నిధుల కొరత కారణం కాదు, పాఠ్య ప్రణాళిక కారణం.

అందుకే రెండు విభాగాల ఆచార్యులకూ నాదొక సూచన. వచ్చే సెమిస్టర్‌లో ఇరు విభాగాల విద్యార్థులను ఇద్దరిద్దరుగా కలిపి, 16 నియంత్రణ బిందువుల ఉపరితల ఖండం ఒక్కటి ఇవ్వండి. టూల్ పాత్ లెక్కించే ప్రోగ్రాం రెడీమేడ్ సాఫ్ట్‌వేర్‌లోంచి కాకుండా వారే రాయాలి; 100 మిల్లీమీటర్ల అల్యూమినియం దిమ్మె మీద మీ సీఎన్‌సీ యంత్రంలో దాన్ని కోయాలి. జాబ్ బిగించి, డేటమ్ (కొలతలన్నిటికీ మూల బిందువు) సెట్ చేసి, కోసినదాన్ని సర్ఫేస్ ప్లేట్ మీద ఉంచి, డయల్ గేజ్‌తో ఒక వరుసలో కొలవాలి. గట్టు ఎత్తు వారి సూత్రం చెప్పినంతే వచ్చిందా, ఎక్కువ వచ్చిందా, ఎక్కువ వస్తే దానిలో కట్టర్ వంగడం వాటా ఎంత, ఆఫ్‌సెట్ దోషం వాటా ఎంత, బిగింపు వాటా ఎంత అని ఇద్దరూ కూర్చుని విడదీయాలి. ఏది ఎవరి విభాగం తప్పు అన్న వాదన తప్పకుండా వస్తుంది, ఆ వాదనను ఆపకండి, మార్కులు దానికే వేయండి. ఖండం ఎంచుకునేటప్పుడు కనీసం ఒక చోటనైనా లోపలి వంపు 5 మిల్లీమీటర్ల కన్నా బిగువుగా ఉండేలా చూడండి, కట్టర్ మాత్రం 10 మిల్లీమీటర్లదే ఇవ్వండి. ఆ సంగతి వారికి ముందుగా చెప్పవద్దు.

ప్రశ్నలు అడగదలచినవారు ఇప్పుడు అడగవచ్చు. నమస్కారం.